ఫ్యామిలీ ఏరియా

గోడ మీది బోర్డు అరబ్బీల ఉండె.
యాకూబ్ భాయి చదివి చెప్పిండు:
ఇది ఫ్యామిలీలు ఉండే జాగ, బ్యాచిలర్లు ఉండొద్దు.
మేం పదకొండు మందిమి నవ్వినం.
అండ్ల తొమ్మిది మందికి పెండ్లాలున్నరు,
గంగాధర్‌కైతే మనుమడు.
షార్జాల పెండ్లాం పక్కన లేనోడు బ్యాచిలరే.

పిటిషన్ మీద మొదటి సంతకం మూడో అంతస్తు సారుది.
తెలుగాయనే, మన దిక్కే.
ఉగాదికి డబ్బాల పులిహోర పంపిండు ఒకపారి.
"మీరు మంచోళ్లే గని, పిల్లలున్న బిల్డింగు గదా" అన్నడు.
తప్పని నేననలే.
నాకూ బిడ్డ ఉంది.

ఆగస్టుల కరెంటు కోసేసిన్రు.
లిఫ్టు లేదు. చీకట్ల మెట్ల మీదికెళ్లి
పరుపులు, బియ్యం డ్రమ్ము,
ఎవని పచ్చడి సీసానో పగిలి
నాలుగో అంతస్తు నుంచి కింది దాక మామిడికాయ వాసన.
క్యాంపు సజ్జల, ఫ్యాక్టరీల పక్కపొంటి.
ఆడ బోర్డు లేదు.

నా పని ఏసీలు సాఫ్ చేసుడు.
పాస్ మెడల ఏసుకొని పగటీలి అదే బిల్డింగుకు పోత,
పిల్లల రూముల నిచ్చెన ఏస్త.
ఐదో అంతస్తుల, ఏసీ మీద, దుమ్ముల
ఒక పాలపన్ను దొరికింది.
ఇంటి మీదికి ఇసరాలె గదా, కప్పు లేని ఇండ్లల్ల
ఇంకేడికి ఇసురుతది పాప?
తుడిచి మళ్ల ఆడనే పెట్టిన.
నేను దిగేదాక తల్లి తలుపు కాడ నిలబడ్డది,
చూపు నా చేతుల మీద.
కోపం రాలే. నా ఇంట్ల ఎవడన్న నిచ్చెన ఏస్తే
మా ఆమె గట్లనే నిలబడాలె.
ఐదు కొట్టంగనే అదే తల్లి
లెక్కల పుస్తకం చేతికిచ్చి
పాపను ఒక్కదాన్నే మూడో అంతస్తుకు పంపింది.
సారు ఫ్యామిలీ మనిషి.

పేపర్ల "ఆసియా దేశస్థుడు" అని రాసిన్రు.
పాప పేరు రాయలే, మంచిగైంది.
ఆయన పేరు గూడ రాయలే.
ఆసియా ఎంత పెద్దది!
మా క్యాంపంత ఆసియానే.
చానా రోజులు, సూపర్‌మార్కెట్ల పిల్లలు ఎదురైతే
మేమే పక్కకు జరిగినం.

కోర్టుల తర్జుమా చేసే ఖలీల్ సాబ్ ఏసీ బాగు చేస్తుంటె
ఆయనే చెప్పిండు: జైలు అయినంక
పాప ఇంటి చుట్టుపక్కల ఉండొద్దు, అది చట్టం.
"ఎంత దూరం సాబ్?" అని అడిగిన.
"పరదేశోడు గదా, దేశమే దాటిస్తరు" అన్నడు.
మంచిగనే అనిపించింది.
దాటినంక ఏడికి, అని అడగాలని తోచలే అప్పుడు.

పాపోళ్లు ఎన్నడో ఇల్లు ఖాళీ చేసి పోయిన్రు.
చట్టం గీసిన గీత ఇప్పుడు ఒట్టి గోడల చుట్టూ ఉంది.
లోపల వేరే కుటుంబం, వేరే పరదాలు.
పన్ను ఇంకా ఏసీ మీదనే.
సర్వీసుకు పోయినప్పుడల్ల తుడుస్త, పెడ్త.

నిన్న ఆయనను విమానం ఎక్కించిన్రట.
మెట్‌పల్లి దాటినంక ఊరు,
మా ఊరికీ ఆ ఊరికీ నడుమ పసుపు చేన్లు.
పులిహోర ఇచ్చిననాడు మురుసుకుంట చెప్పిండు,
"మా బడి మా ఇంటి ఎదురుంగనే,
వాకిట్ల నిలబడితే పొద్దుగాల ప్రార్థన ఇనవడ్తది."
ఆడ ఏ గీత లేదు, కొలిచెటోడు లేడు.
దుబాయి నుంచి వచ్చిండంటరు, బక్కగైండంటరు,
ఖాళీగనే ఉన్నవు గదా, పోరగాండ్లకు లెక్కలు చెప్పు సారూ అంటరు.

రాత్రి ఇంటికి ఫోన్ చేసిన.
"ఆ ఊరి ముచ్చట నీకెందుకు?" అన్నది భూలక్ష్మి.
రూముల ఎనిమిది మందిమి, బంకుల మీద.
గొంతు తగ్గియ్యబోయి తగ్గియ్యలే.
పేరు చెప్పిన.
లైను మంచిగ లేదు, "ఎవరూ?" అన్నది.
ఇంటిపేరుతోని మళ్ల చెప్పిన,
పై బంకు మీద గంగాధర్ లేచి కూసున్నడు.